వెట్టికి వారసులం, ఆస్తికి ఎవరం?

కృష్ణానగర్‌లో వారసత్వం అనే మాట వినపడని రోజుండదు. ఏ హీరో కొడుకు తెరమీదికి వస్తున్నాడు, ఏ నిర్మాత మనవడికి ముహూర్తం పెట్టారు, ఎవరి పేరు ఎవరు నిలబెడతారు అన్నదే టీ బంకుల దగ్గర ముచ్చట. పైన జూబిలీహిల్స్, ఫిలింనగర్. 1970ల నుంచి సినిమా పరిశ్రమ మద్రాసు విడిచి హైదరాబాదుకు వస్తున్నకొద్దీ అక్కడ స్టూడియోలు లేచాయి, పెద్ద ఇళ్లు లేచాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలయ్యేనాటికి అదంతా రాళ్లగుట్ట. కింద యూసుఫ్‌గూడ, ఇందిరానగర్, కృష్ణానగర్ బస్తీలు. తెల్లారకముందే వ్యాన్ల కోసం రోడ్డు మీద నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, లైట్లు మోసేవాళ్లు, సెట్లు కొట్టేవాళ్లు, ప్రొడక్షన్‌లో అన్నం వడ్డించేవాళ్లు, డ్రైవర్లు ఇక్కడి అద్దె గదుల్లోనే ఉంటారు.

పైవాళ్ల వారసత్వం గురించి పత్రికలు రోజూ రాస్తాయి. ఈ కిందవాళ్ల వారసత్వం సంగతేమిటి? లైట్లు మోసీ మోసీ ఒకనాడు చచ్చిపోయిన మనిషి పిల్లలకు ఏం వస్తుంది? ఏ చట్టం ప్రకారం వస్తుంది? ఎవరి చేతికి వస్తుంది? ఇట్లాంటి ప్రశ్న మనవాళ్ల మీటింగుల్లో లేవనెత్తితే చాలామంది నవ్వుతారు. "ఆస్తే లేనివాళ్లకు వారసత్వ చట్టమేంటండీ" అంటారు. ఆ నవ్వు వెనక ఒక నమ్మకం ఉంది. వారసత్వ చట్టం అగ్రకులాల ఇంటి వ్యవహారం, మన గుమ్మం దాకా రాదు అని.

ఆ నమ్మకం తప్పని చెప్పడానికే మేం ఈ వ్యాసం రాస్తున్నాం. చట్టం మన గుమ్మం ఎప్పుడో తొక్కింది. చాకిరీ పంచాల్సి వచ్చినప్పుడు ఏ రుజువూ అడగకుండా మనల్ని వారసులుగా ఒప్పుకుంది. ఆస్తి పంచాల్సి వచ్చినప్పుడు మాత్రం "ముందు మీరెవరో తేల్చండి" అంది. ఈ రెండో ప్రశ్న ఈనాటికీ తేలలేదు. కృష్ణానగర్‌లో తండ్రిపోయిన పిల్లల మీదికి వచ్చేది ఆ ప్రశ్నే.

చాకిరీకి వారసులు

కృష్ణానగర్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. కాబట్టి ముందు ఊళ్లోకి పోదాం.

1895లో మద్రాసు ప్రభుత్వం గ్రామోద్యోగాల వంశపారంపర్య హక్కుల చట్టం చేసింది. 1895 నాటి 3వ చట్టం అంటారు. గ్రామంలో ఉద్యోగి చనిపోతే ఆ ఉద్యోగం అతని వారసుడికే పోవాలన్నది దీని సారం. ఆ చట్టం పరిధిలోకి వచ్చే ఉద్యోగుల్లో మునసబు ఉన్నాడు, కరణం ఉన్నాడు, నీరుగంటి, తలారి ఉన్నారు. అట్టడుగున వెట్టివాడు కూడా ఉన్నాడు. అందరికీ ఒకే చట్టం, ఒకే మాట: వారసుడు. కానీ కరణం కొడుక్కి దక్కింది ఊరి భూమి లెక్కలన్నీ రాసే కలం. వెట్టివాడి కొడుక్కి దక్కింది ఏ రాత్రి పిలిచినా లేచి పోవాల్సిన పిలుపు. దానికింత మాన్యం ఉండేది, నిజమే. ఆ మాన్యం చెయ్యాలంటే ఆ చాకిరీ చెయ్యాలి. చాకిరీ మానితే మాన్యం పోతుంది. భూమిని మెడకు కట్టిన తాడుగా వాడుకున్న పద్ధతి ఇది.

బొంబాయి రాష్ట్రంలో మహార్ల వతన్లదీ ఇదే కథ. అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో వతన్ చట్టాన్ని సవరించే బిల్లు పెట్టినప్పుడు ఆయన లాగాలని చూసిన ముడి ఇదే. వతన్ అనే వారసత్వం మహార్‌ని బతికించట్లేదు, ఊరికి కట్టేస్తోందని ఆయన వాదించాడు. వారసత్వాన్ని వదులుకునే హక్కు కోసం పోరాడాల్సి వచ్చిన జాతి మనది. అగ్రకులాల చరిత్రలో ఇట్లాంటి పోరాటం ఎక్కడైనా ఉందేమో చూడండి.

తెలంగాణలో వెట్టికి తోడు భగేలా ఉండేది. తండ్రి తీసుకున్న అప్పుకు జీతం ఉండడం, తండ్రి చచ్చిపోతే కొడుకు ఆ జీతంలోకి పోవడం. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద నిబంధన తెచ్చింది. కాగితం మీద తెచ్చింది గానీ దొరల గడీల దగ్గర అది చెల్లలేదు. చివరికి ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం మొదట్లో వెట్టి అంటే ఏమిటో చెప్పే నిర్వచనం ఉంది. మన కార్యకర్తలు దాన్ని ఒక్కసారైనా చదవాలి. అప్పు వల్ల చేసే చాకిరీ, ఆచారం వల్ల చేసే చాకిరీ, ఫలానా కులంలో పుట్టినందుకు చేసే చాకిరీ అని చెబుతూ, వాటి పక్కనే వారసత్వంగా సంక్రమించిన బాధ్యత వల్ల చేసే చాకిరీ అని కూడా ఉంది. అంటే మనకు తండ్రుల నుంచి ఏం వచ్చిందో పార్లమెంటే రాసిపెట్టింది.

గ్రామోద్యోగాల వారసత్వం మీద మొదటి పెద్ద దెబ్బ 1960 డిసెంబరులో పడింది. తెనాలి తాలూకాలో ఒక మునసబు ఉద్యోగం విషయంలో వచ్చిన గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు, వంశం చూసి ప్రభుత్వోద్యోగం ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. 1895 చట్టంలో ఆ మేరకు ఉన్న సెక్షన్ చెల్లదంది. గమనించండి, తగాదా నడిచింది మునసబు ఉద్యోగం మీద. వెట్టివాడి వారసత్వం నాకే కావాలని కోర్టుకెక్కేవాడెవడు? తర్వాత 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థను ఎత్తేసింది. అప్పుడు కరణాలు, మునసబులు కోర్టుల చుట్టూ తిరిగారు. కలం పోయినవాళ్లకు నష్టం ఏమిటో బాగా తెలుసు.

బళ్లారి తగాదా

ఇక ఆస్తి సంగతి. మనవాడొకడు ఆస్తి సంపాదిస్తే చట్టం ఏం చేసింది? దీనికి జవాబు బళ్లారిలో ఉంది. ఆనాటి మద్రాసు రాజధానిలో, దత్తమండలాల్లో, తెలుగూ కన్నడమూ కలిసి నడిచే జిల్లా అది.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బళ్లారి కంటోన్మెంటులో మాథ్యూ అబ్రహాం అనే ఆయన ఉండేవాడు. ఆయన పూర్వీకులు పరయ కులస్తులు. కొన్ని తరాల కిందటే క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం. మాథ్యూ 1820లో షార్లట్ ఫాక్స్ అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆమెది, ఆనాటి మాటలో చెప్పాలంటే, ఈస్టిండియన్ కుటుంబం. అంటే ఈనాటి ఆంగ్లో ఇండియన్. మాథ్యూ దుకాణం పెట్టాడు, సారా కాంట్రాక్టులు చేశాడు, బాగా గడించాడు. 1842లో వీలునామా రాయకుండానే చనిపోయాడు. భార్య, ఇద్దరు కొడుకులు మిగిలారు. వ్యాపారం తమ్ముడు ఫ్రాన్సిస్ చేతిలోకి పోయింది.

కొన్నేళ్లకు తగాదా మొదలైంది. ఫ్రాన్సిస్ వాదన ఇది: మేం అన్నదమ్ములం, మాది అవిభక్త కుటుంబం, హిందూ ధర్మశాస్త్రం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో నాకు వాటా ఉంది. షార్లట్ వాదన ఇది: మేం క్రైస్తవులం, మేం బతికిన పద్ధతి వేరు, నా భర్త సంపాదించినది నాకూ నా పిల్లలకూ రావాలి.

ఇక్కడొక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఏ ధర్మశాస్త్రం ప్రకారం పరయవాడు ఊళ్లోకి రాగూడదో, ఆ ధర్మశాస్త్రమే అతని ఆస్తిని ఎవరు పంచుకోవాలో చెప్పడానికి కోర్టులోకి వచ్చింది. గుళ్లోకి రానివ్వని శాస్త్రం గల్లాపెట్టె దగ్గరికి వచ్చింది.

తేల్చడానికి కోర్టులు ఏం చూశాయి? అబ్రహాం కుటుంబం ఏ బట్టలు కట్టింది, భోజనం ఎట్లా చేసింది, ఎవరితో కలిసి కూర్చుంది, ఎవరితో వియ్యమందింది అని సాక్షుల్ని అడిగారు. తగాదా బళ్లారి కోర్టులో మొదలై, మద్రాసు సదర్ అదాలత్ మీదుగా లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1863లో తీర్పు వచ్చింది. క్రైస్తవంలోకి పోయినవాడి మీద హిందూ ధర్మశాస్త్రానికి బలవంతపు అధికారం ఉండదు; పాత శాస్త్రాన్ని వదిలేసినట్టే దాన్ని అట్టిపెట్టుకోవడమూ అతని ఇష్టం; ఏది ఎంచుకున్నాడో అతని నడవడిని బట్టి తెలుసుకోవాలి అన్నారు. అబ్రహాంలది అవిభక్త కుటుంబం కాదని తేల్చారు. షార్లట్, పిల్లలు గెలిచారు.

ఈ తీర్పులో మనకు పనికొచ్చేది ఉంది, మన్ని పట్టి పీడించేదీ ఉంది. పనికొచ్చేది ఏమిటంటే, కులం అంటగట్టిన శాస్త్రాన్ని మనిషి వదిలించుకోవచ్చు అని రాజ్యం మొదటిసారి ఒప్పుకోవడం. పీడించేది ఏమిటంటే, ఒక దళిత కుటుంబం వాటా అడిగితే దాని వంటిల్లూ పెళ్లిళ్లూ బట్టలూ అన్నీ బయటపెట్టి రుజువు చూపాల్సి రావడం. అదే తాలూకాలో ఒక కోమటి చనిపోతే, ఒక రెడ్డి చనిపోతే, వాళ్లు ఎవరని ఏ కోర్టూ అడగలేదు.

రెండు చట్టాల నడుమ

ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన ఎంపిక ఎక్కువకాలం నిలవలేదు. 1865లో భారత వారసత్వ చట్టం వచ్చింది. క్రైస్తవుల ఆస్తి ఇక దాని ప్రకారమే పోవాలి. 1925లో దాన్ని మళ్లీ కూర్చి రాశారు. ఈనాటికీ క్రైస్తవులకు అదే చట్టం.

ఈ చట్టం వచ్చిన కొన్నేళ్లకే తెలుగునేల మీద మాలమాదిగలు పెద్ద సంఖ్యలో క్రైస్తవంలోకి పోయారు. కరువు అనంతరం 1878 జూలై 3న ఒంగోలు మిషన్ ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. వాళ్లలో అత్యధికులు మాదిగలు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో పల్లెలకు పల్లెలే చర్చీలు కట్టుకున్నాయి. ఆ పల్లెల మనవలు, మునిమనవలే ఈనాడు కృష్ణానగర్ గదుల్లో ఆదివారంపూట ప్రార్థనకు కూడుతున్నారు.

1950 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డు కులం వాడు కావాలంటే హిందువై ఉండాలంది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. దాంతో మన ఇళ్లలో రెండు రకాల కాగితాలు పుట్టాయి. బడి రిజిస్టరులో, కులం సర్టిఫికెట్టులో 'హిందూ'. చర్చి రిజిస్టరులో బాప్తిస్మం, పెళ్లి. దీన్ని మోసం అని పత్రికల్లో రాసేవాళ్లున్నారు. అంటరానితనం మతం మారితే పోలేదు గాని, దానికిచ్చే రక్షణ మాత్రం మతం మారితే పోతుందని రాసిన ఉత్తర్వు గురించి వాళ్లేమీ అనరు.

అటు హిందూ చట్టం సంగతీ చూద్దాం. అంబేద్కర్ న్యాయమంత్రిగా హిందూ కోడ్ బిల్లును మోశాడు. కొడుక్కి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చే మితాక్షర పద్ధతిని ఎత్తేసి, ఆడపిల్లకు వాటా ఇవ్వాలన్నది ఆయన పట్టు. బిల్లును సాగనివ్వకపోతే 1951 సెప్టెంబరులో రాజీనామా చేశాడు. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చినప్పుడు తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చారు. ఉమ్మడి ఆస్తిలో మగవాళ్ల పుట్టుహక్కును మాత్రం వదలకుండా ఉంచారు. దాన్ని మన రాష్ట్రంలో 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సవరించింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతా ఆ హక్కు 2005లో వచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి హక్కుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

మంచి చట్టమే. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1985 జూలై 17న కారంచేడు. ఏడు వారాలు తిరిగీ తిరగకముందే, సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు పిత్రార్జితంలో హక్కు. మాదిగపల్లె ఊరు విడిచి చీరాల శిబిరానికి పోయిన ఏడాదే ఊరి ఆడపిల్లలకు భూమిలో వాటా వచ్చింది. పిత్రార్జితం ఉన్న ఇళ్లకే ఆ చట్టం అందింది. మన ఆడపిల్లలకు తండ్రి నుంచి వచ్చే భూమి ఉంటే గింటే అది ప్రభుత్వం అసైన్ చేసినదే. దానికి 1977లో వేరే చట్టం ఉంది. అసైన్డ్ భూమి వారసులకు పోవచ్చు, అమ్మగూడదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ఆ చట్టాన్ని సవరించి, అసైన్ చేసి 20 ఏళ్లు దాటితే అమ్ముకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కు పేదవాడికి ఆస్తి అవుతుందో, కొనేవాడికి దారి అవుతుందో అన్నది వేరే చర్చ.

కృష్ణానగర్‌లో ఒక ఇల్లు

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, లెక్క అర్థం కావడానికి చెప్తున్నది. గుంటూరు జిల్లా మాలపల్లె నుంచి వచ్చిన లైట్‌మన్. భార్య, ఒక కూతురు, ఒక కొడుకు, ఇద్దరూ మైనర్లు. ఊళ్లో తల్లి. ఊళ్లో ఆయన పేరున అరెకరం అసైన్డ్ భూమి. ఇక్కడ ఇంటి ఓనరు దగ్గర అడ్వాన్సు, కట్టిన చిట్టీ, కుదువపెట్టిన గొలుసు, ఒక బీమా పాలసీ, ప్రొడక్షన్ వాళ్ల నుంచి రావాల్సిన బత్తా. ఇదీ ఆస్తి. ఒకనాడు మనిషి పోయాడు. వీలునామా లేదు.

హిందూ చట్టం ప్రకారం భార్య, కూతురు, కొడుకు, తల్లి, నలుగురూ మొదటి తరగతి వారసులు. తలా నాలుగో వంతు. భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. అంటే తలా మూడో వంతు. పిల్లలున్నప్పుడు తల్లికి ఏమీ రాదు.

ఒకే మనిషి, ఒకే ఇల్లు. కులం సర్టిఫికెట్టు చూస్తే ముసలితల్లికి నాలుగో వంతు. చర్చి రిజిస్టరు చూస్తే ఆమెకు సున్న. అత్తాకోడళ్లు ఒక మాట మీద ఉంటే సరే. లేకపోతే ఏమవుతుంది? కోడలి తరఫు వకీలు బాప్తిస్మం కాగితం, చర్చిలో జరిగిన పెళ్లి కాగితం కోర్టులో పెడతాడు. పిల్లలకు ఎక్కువ వాటా రావాలని తల్లి ఆశ. కానీ అవే కాగితాలు రేపు పిల్లల కులం సర్టిఫికెట్టు మీదికి వస్తాయి. ఇది ఉత్త భయం కాదు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం పుచ్చుకుని చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునంటే ఎస్సీ సర్టిఫికెట్టు ఇవ్వడం కుదరదని చెప్పింది. అరెకరంలో వాటా పెంచుకోబోయి హాస్టలు సీటూ, ఉద్యోగమూ పోగొట్టుకునే పరిస్థితి ఇది. బళ్లారి సాక్షులు చెప్పిన బట్టల కథ, భోజనాల కథ, నూటఅరవై ఏళ్ల తర్వాత మన పిల్లల చదువుల మీదికి వచ్చింది.

హిందూ వారసత్వ చట్టంలో 26వ సెక్షన్ ఒకటుంది. మతం మారినవాడికి, మారిన తర్వాత పుట్టిన పిల్లలు హిందూ బంధువుల ఆస్తికి వారసులు కాలేరు; ఆస్తి పంపకానికి వచ్చేనాటికి వాళ్లు హిందువులై ఉంటే తప్ప. మారినవాడి సొంత హక్కును 1850 నాటి చట్టమే కాపాడింది. పిల్లల్ని కాపాడలేదు. తండ్రి ముందే పోయి, హిందువుగా ఉన్న తాత తర్వాత పోతే, తాత భూమిలో మనవలకు వాటా లేదని దాయాదులు ఈ సెక్షన్ పట్టుకుని అడ్డుపడొచ్చు.

వలసబతుకులో ఇంకో చిక్కుంది. ఊళ్లో ఒక భార్య, పట్నంలో ఒక కాపురం. సినిమావాళ్ల పెద్ద ఇళ్లల్లో జరిగితే దాన్ని కథగా చెప్పుకుంటారు, పేదింట్లో జరిగితే తప్పంటారు. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ప్రకారం చెల్లని పెళ్లిలో పుట్టిన పిల్లలు కూడా తల్లిదండ్రుల ఆస్తికి వారసులే. ఉమ్మడి ఆస్తిలో తండ్రికి రావాల్సిన వాటాలో కూడా వాళ్లకు భాగముందని 2023 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు చెప్పింది. రెండో ఆమెకు మాత్రం భార్యగా వాటా రాదు. క్రైస్తవుల వారసత్వ చట్టంలో అట్లాంటి పిల్లలకు ఈపాటి రక్షణా లేదు.

బీమా, పి.ఎఫ్. కాగితాల్లో 'నామినీ' అని ఎవరి పేరు రాస్తే సొమ్ము వాళ్లదేనని చాలామంది అనుకుంటారు. బీమా డబ్బును నామినీ తీసుకునేది వారసులందరి తరఫునే అని 1983లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో బీమా చట్టం మారి, భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వాళ్లకే చెందుతుందన్నారు. పెళ్లికి ముందు అన్న పేరు రాసి మార్చకుండా వదిలేసిన పాలసీలు మన బస్తీల్లో ఎన్నో. ఎం.ఆర్.ఓ. ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు కూడా కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పేదే. వాటాలు తేల్చేది కాదు.

వీలునామా మనకెందుకు

ఇంత చిక్కులోనూ ఒక సందు ఉంది. అందుకే ఈ వ్యాసాన్ని చరిత్రతో ఆపట్లేదు.

వీలునామా లేనప్పుడే "మీరు ఏ మతం" అనే ప్రశ్న వాటాల్ని తేల్చే ప్రశ్న అవుతుంది. మనిషి తన స్వార్జితాన్ని తనకిష్టమైనవాళ్లకు రాసిపెట్టే హక్కు హిందూ చట్టంలో 30వ సెక్షన్ ఇచ్చింది. క్రైస్తవుడికి 1925 చట్టం ఇచ్చింది. రెండు చోట్లా వీలునామాకు కావలసింది ఒక్కటే: రాసినవాడి సంతకమో వేలిముద్రో, దాన్ని చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు. స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే బలం. అందులో మతం రాయాల్సిన పని లేదు. ముసలితల్లికి ఇంత, భార్యకు ఇంత, కూతురికీ కొడుక్కీ సమానంగా ఇంత అని నాలుగు వరసలు రాస్తే, బళ్లారి నాటి ప్రశ్న ఆ ఇంటి గుమ్మం బయటే ఆగిపోతుంది. అసైన్డ్ భూమి చట్టం నిషేధించిన బదిలీల్లో కూడా వీలునామా లేదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పుకోవాలి. వాటా పొందేవాళ్లని సాక్షిగా పెట్టగూడదు. క్రైస్తవుల విషయంలో అట్లా పెడితే ఆ వాటా పోతుంది. పెళ్లికి ముందు రాసిన వీలునామా క్రైస్తవుడికి పెళ్లితో రద్దవుతుంది, కాబట్టి పెళ్లి తర్వాత మళ్లీ రాయాలి. చిన్నపిల్లలున్న తల్లిదండ్రులు తమ తర్వాత పిల్లల్ని ఎవరు చూడాలో కూడా రాయాలి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం భర్త పోయిన తల్లి కూడా వీలునామాలో గార్డియన్‌ని పెట్టొచ్చు. మైనరు పేరున వచ్చిన భూమినో ఇంటినో కోర్టు అనుమతి లేకుండా గార్డియన్ అమ్మితే, ఆ పిల్ల పెద్దదయ్యాక దాన్ని కొట్టేయించొచ్చు. ఇది మన పిల్లలకున్న ఒక పెద్ద కాపు. బాబాయిలకూ మేనమామలకూ ఈ సంగతి ముందే తెలిస్తే చాలా అమ్మకాలు ఆగుతాయి.

బస్తీలో ఇల్లున్నవాళ్లు ఆ ఇంటికి ఉన్న కాగితం ఏమిటో చూసుకోవాలి. నోటరీ కాగితంతో కొన్న ఇంటికి పిల్లలకు వచ్చేది స్వాధీనమే, పట్టా కాదు. 2014 డిసెంబరు 30 నాటి 58వ జీవో కింద 125 గజాల లోపు జాగాలకు తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా హక్కు ఇచ్చింది. అట్లాంటి పట్టాలు ఉన్నవాళ్లు వాటిని ట్రంకుపెట్టెలో దాచిపెట్టుకోవడమే కాదు, తమ తర్వాత ఎవరికో కూడా రాసిపెట్టాలి.

ఇది ఒక్కొక్క ఇంటి తెలివితో అయ్యే పని కాదని మాకు తెలుసు. 1950 ఉత్తర్వులో మతం షరతు పోనంతకాలం, వారసత్వం అడిగే ప్రతి దళిత క్రైస్తవ కుటుంబం రెండు కాగితాల నడుమ నలుగుతూనే ఉంటుంది. ఆ షరతు తీసెయ్యమని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. తీర్మానాల వల్ల సర్టిఫికెట్టు రాదు. పోరాటం అక్కడ నడవాలి. ఈలోగా సంఘాలు చెయ్యగలిగింది ఒకటుంది. యూనియన్ కార్డు రెన్యువల్‌కు వచ్చినప్పుడు, చర్చిలో పెళ్లి రాసినప్పుడు, అంబేద్కర్ జయంతి సభలో, ప్రతి సభ్యుడి చేతా వీలునామా రాయించే బల్ల ఒకటి వెయ్యాలి. ఇద్దరు సాక్షులు, ఒక తెల్లకాగితం. వకీలు ఉంటే మంచిదే, లేకున్నా ఆగగూడదు.

వెట్టికి మన తాతలు వారసులని రాయడానికి మద్రాసు ప్రభుత్వం 1895లో ఒక చట్టమే చేసింది. మనం సంపాదించిన కాస్తకు మన పిల్లలు వారసులని రాయడానికి ఏ ప్రభుత్వమూ రాదు. మనమే రాయాలి.